మీరు ఇంకా ఏమీ రాయలేదు

ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకోగానే ఆయన ఫోను ఆమె చేతికి వస్తుంది. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద కూర, మధ్యలో ఆయన ఫోను. ఎడమచేత్తో గరిటె తిప్పుతూ, కుడిచేతి బొటనవేలితో ఆమె ఆయన తల్లికి రాస్తుంది: "అమ్మా, నిద్ర పట్టిందా? మోకాలు ఎలా ఉంది? మందు మర్చిపోకు." ఆయన ధోరణి ఆమెకు కొట్టిన పిండి. ఆయన రాయడు గానీ, రాస్తే ఎలా రాస్తాడో ఆమెకు తెలుసు. పొడుగు వాక్యాలు ఉండకూడదు. చివర పువ్వు బొమ్మ ఒకటి చాలు, రెండు పెడితే ఆడవాళ్ళు రాసినట్టుంటుంది. రాసి, పంపి, ఫోను తుడిచి మళ్ళీ మంచం పక్కన పెడుతుంది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, "అమ్మకి పెట్టావా?" అని అడుగుతాడు. ఒక్కోరోజు అది కూడా అడగడు.

ఈ భాగోతం మొదలై చాలా ఏళ్ళయింది. వేరే ఊళ్ళో ఉండే ఆడపడుచు అందరినీ కలిపి ఇంటి గ్రూపు ఒకటి పెట్టింది. అత్తగారు ఉండేది కూతురి దగ్గరే. పెట్టిన వారానికే గొడవ. అందరూ మాట్లాడుతున్నారు, కొడుకు ఒక్కడే ఉలకడు పలకడు, వాడికి తల్లి గుర్తే లేదని అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. "నాకు ఆ రాతలు రావు, నువ్వే ఏదో ఒకటి పెట్టెయ్" అన్నాడాయన. ఏదో ఒకటి పెట్టింది. మర్నాడూ పెట్టింది. తరవాత ఆపడానికి వీల్లేకుండా పోయింది. ఇప్పుడు అత్తగారు కొడుకు పంపిన మాటలు ఇరుగుపొరుగు వాళ్ళకి చదివి వినిపిస్తుందట. అంతటితో పోతే బాగుండేది. పోయినసారి ఇంటికి వచ్చినప్పుడు కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, "వాడు అంత పనిలో ఉండి కూడా పొద్దున్నే నా మోకాలి సంగతి అడుగుతాడమ్మా. నీకు తీరికే దొరకదు కాబోలు" అంది. తన పేరుతో కూడా ఓ ముక్క రాయొచ్చని ఆమెకు తోచకపోలేదు. కానీ ఒకే మోకాలిని ఒకే మనిషి రెండు పేర్లతో పలకరించడం మరీ ఎబ్బెట్టుగా ఉంటుందని ఊరుకునేది. పైగా అప్పటికి పాలు పొంగుతూ ఉండేవి.

ఆమె పనిచేసేది లిఫ్టులు బాగుచేసే కంపెనీలో. లిఫ్టు సవ్యంగా నడిచినంతకాలం ఆ కంపెనీ పేరు ఎవరికీ పట్టదు. ఆగిపోతే మాత్రం లోపల ఇరుక్కున్నవాళ్ళు గోడకి అంటించిన నంబరుకి ఫోను చేస్తారు. ఆ ఫోను మోగేది ఆమె బల్ల మీద. మెట్ల కింద కిటికీ లేని చిన్న గది, ఒక బల్ల, ఒక కంప్యూటరు, చెవికి తగిలించుకునే ఫోను. ఏడ్చేవాళ్ళుంటారు, తిట్టేవాళ్ళుంటారు, ఊపిరాడటం లేదనే వాళ్ళుంటారు. ముందు వాళ్ళతో మాట కలపాలి. మీతో ఇంకెవరున్నారు, కింద కూర్చోండి, మనిషి బయల్దేరాడు అని చెబుతూనే, నిజంగా ఒక మనిషిని బయల్దేరదీయాలి. ఏ మెకానిక్ ఏ వీధిలో ఉన్నాడు, ఎవరికి ఇవాళ నడుం పట్టేసింది, ఎవరి బండి మొరాయిస్తోంది, ఏ భవనం కాపలాదారు మోటారు గది తాళం ఇవ్వకుండా సతాయిస్తాడు, ఇవన్నీ ఆమె నాలుక చివరనే ఉండేవి. ఎవరూ నేర్పలేదు. రోజూ పదిమందితో మాట్లాడితే అవే వస్తాయి. దీన్ని పని అనుకోవాలని ఆమెకి కూడా ఎప్పుడూ తట్టలేదు.

పోయిన ఏడాది కొత్త మేనేజరు వచ్చాడు. మనిషి మంచివాడే. గొంతు పెంచడు, టీ ఇచ్చినవాళ్ళకి థాంక్స్ చెబుతాడు. వస్తూ వస్తూ తనతో పాటు 'వేదిక' అనే యాప్‌ను తెచ్చాడు. ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ అందరికీ పెట్టించాడు. ఫిర్యాదు వస్తే అందులో పడుతుంది, అందరికీ కనిపిస్తుంది, దగ్గర్లో ఉన్న మెకానిక్ "నేను చూస్తాను" అని రాసి వెళతాడు, అయ్యాక "అయిపోయింది" అని ఫొటో పెడతాడు, బాగా చేస్తే మేనేజరు గుండె బొమ్మ పెడతాడు. ఒకరు ఇంకొకరికి హుకుం జారీ చేసే కాలం పోయిందని, అందరూ అందరితో మాట్లాడుకుంటే పని దానంతటదే నడుస్తుందని మీటింగులో చాలాసేపు చెప్పాడు. "ఇక్కడ ఇక బాసు అంటూ ఎవరూ లేరు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట అన్నది బాసు కదా మరి.

మెకానిక్‌లకి చుక్కలు కనిపించాయి. లిఫ్టు గోతిలో సిగ్నలు ఉండదు. చేతులకి గ్రీజు. గ్లవుజులు తీస్తే గానీ ఫోను మాట వినదు, తీస్తే ఫోనంతా నల్లగా అవుతుంది. పని అయిపోయినా రాయడం ఆలస్యమైతే, పని ఆలస్యమైనట్టే లెక్క. "ఇంకా జవాబు లేదు, ఏమైంది?" అని మేనేజరు వేదికలో అందరూ చూస్తుండగా అడిగేవాడు. మర్యాదగానే అడిగేవాడు. కానీ నలుగురిలో అడిగితే మర్యాద కూడా చెంపదెబ్బే. అందరికన్నా పెద్దవాడు, ఎప్పుడూ చేతిలో పానా ఉంటుంది కాబట్టి అందరూ పానా బాబాయ్ అని పిలిచే మనిషి, ఒకరోజు ఆమె గది గుమ్మంలో నిలబడి తలుపు చెక్క గీకుతూ, "అమ్మాయ్, నాకు కళ్ళు ఆనవు. నా పేరు మీద నువ్వే కొట్టెయ్యకూడదూ" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా లిఫ్టుల గోతుల్లోకి దిగిన మనిషి, ఒక చిన్న అద్దం ముక్కకి జడుస్తున్నాడు. ఆమెకి జాలేసింది. సరేనంది.

ఆయన వెనక పొడుగోడని అందరూ పిలిచే కుర్ర మెకానిక్ వచ్చాడు, అతని వెనక మిగతావాళ్ళు. ఎవరి పాస్‌వర్డు వాళ్ళు చెప్పి చేతులు దులుపుకున్నారు. ఆ పాస్‌వర్డులు కూడా మొదట్లో వాళ్ళకి పెట్టిచ్చింది ఆమే. అప్పట్నుంచి ఆమె కంప్యూటరులో అందరి కిటికీలూ తెరిచే ఉండేవి. గదికి కిటికీ లేకపోయినా తెరలో కావలసినన్ని. మునుపటిలాగే ఫోనులో మాట్లాడి మనిషిని పంపేది. తరవాత ఆ మనిషి పేరులోకి దూరి "నేను చూస్తాను" అని రాసేది. బాబాయ్ అయితే పొడిగా, పొడుగోడు అయితే వెనక ఒక జోకు. ఒక్కోసారి వాళ్ళచేత వాళ్ళతోనే మాట్లాడించేది. "బాబాయ్, మీరు భోంచెయ్యండి, ఆ వీధికి నేను దగ్గర" అని పొడుగోడు రాస్తే, "సరే రా, జాగ్రత్త" అని బాబాయ్ జవాబిచ్చేవాడు. ఆ సమయానికి బాబాయ్ ఎక్కడో మోటారు కింద పడుకుని ఉండేవాడు, పొడుగోడు బండి మీద ఉండేవాడు. ఆ రెండు ముక్కలూ రాస్తూ ఆమె మధ్యాహ్నం అన్నం చల్లారబెట్టుకునేది. నిజం చెప్పాలంటే అందులో ఆమెకు సరదా కూడా ఉండేది. ఇంట్లో ఒక్క మొగాడి గొంతు, ఇక్కడ ఇంతమంది గొంతులు. తన గొంతుతో పనే పడకుండా రోజు గడిచిపోయేది.

మేనేజరు పొంగిపోయాడు. పై ఆఫీసు వాళ్ళని పిలిపించి గోడ మీద వేదికను పెద్దగా వేసి చూపించాడు. చూడండి, ఎవరూ చెప్పకుండానే వీళ్ళలో వీళ్ళే ఎలా సర్దుకుంటున్నారో, ఒకరి భోజనం గురించి ఒకరు ఎలా పట్టించుకుంటున్నారో అన్నాడు. పై నుంచి వచ్చిన ఆవిడ, మగవాళ్ళు ఇంత సున్నితంగా మాట్లాడుకోవడం తను ఎక్కడా చూడలేదని ఆశ్చర్యపోయింది. టీ కప్పులు సర్దుతూ ఆమె గోడ మీద తన రాతలన్నీ పెద్దపెద్ద అక్షరాల్లో చూసుకుంది. ఎవరి పేర్ల కింద వాళ్ళవి. ఆ రోజు ఆమెకి నవ్వు వచ్చింది. సొమ్మొకడిది సోకొకడిది అనుకుంది. ఆ సోకు తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలియలేదు.

అప్పుడే ఇంకో బ్రాంచిలో ఒక మెకానిక్ తన పాస్‌వర్డు తమ్ముడికి ఇచ్చాడట. తమ్ముడు ఇంట్లో కూర్చుని "అయిపోయింది" అని రాశాడు, అక్కడ పని కాలేదు. మెకానిక్‌ని మరుసటి రోజే తీసేశారు. ఒకరి పేరుతో ఇంకొకరు రాస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని వేదికలో హెచ్చరిక పెట్టారు. చదివినట్టు అందరూ దాని కింద బొటనవేలి బొమ్మ పెట్టాలి. ఆమె అందరి పేరుతోనూ ఆ హెచ్చరిక చదివినట్టు వేలు పెట్టింది. మానేద్దామా అని బాబాయ్‌ని అడిగింది. "మానేస్తే మా పని అయిపోయినట్టేనమ్మా" అన్నాడు. మానలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆమె ఒక్కతే.

ఒక మంగళవారం పొద్దున్నే మేనేజరు ఆమెను తన గదికి పిలిచాడు. కుర్చీ తనే జరిపి కూర్చోమన్నాడు. అలా కుర్చీ జరిపినప్పుడే సంగతి మంచిది కాదని ఆమెకు అర్థమైంది. తెర ఆమె వైపు తిప్పాడు. అందరి పేర్లూ వరసగా ఉన్నాయి, పేరు పక్కన గీతలు, ఎవరు ఎంత రాశారో, ఎంత పలికారో. బాబాయ్ గీత తెర చివరిదాకా పోయింది. అందరికంటే కింద ఆమె పేరు. దాని పక్కన ఏమీ లేదు.

"మేడమ్, మీ మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు" అన్నాడు మెల్లగా. "ఫిర్యాదు చేద్దామన్నా ఏమీ కనబడటం లేదు."

ఆ మాట అనడానికి అతనికీ ఇబ్బందిగానే ఉంది. కుర్రాళ్ళు ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే చూసుకుంటున్నారని, మధ్యలో ఒక బల్ల ఎందుకని పై వాళ్ళు అడుగుతున్నారని, తను వాదించడానికి చేతిలో ఏమైనా ఉండాలి కదా అని చెప్పుకుపోయాడు. మీరు రోజంతా ఏం చేస్తారో ఒక్క ముక్క చెప్పండి, నేను పైకి పంపిస్తాను అన్నాడు. అడగడం నిజంగానే అడిగాడు. ఆమె నోరు తెరిచింది. అద్దం తలుపు అవతల, నీళ్ళ పంపు దగ్గర, పానా బాబాయ్ వేళ్ళ మధ్య గ్రీజు రుద్దుకుంటూ ఇటే చూస్తున్నాడు. ఆయన కూతురి ప్రసవానికి ఆసుపత్రిలో చూపించుకుంటున్నది ఈ కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కార్డు మీదే. మింగలేక, కక్కలేక ఆమె అక్కడే కూర్చుంది. రోజంతా ఏం చేస్తావని ఇంట్లో ఆయన కూడా ఎన్నోసార్లు అడిగాడు. అక్కడ జవాబు లేక కాదు, చెప్పినా వినపడదని చెప్పలేదు. ఇక్కడ వినేవాడు ఉన్నాడు, చెప్పడానికి లేదు.

"ఫోన్లు తీస్తానండీ" అంది చివరికి.

మేనేజరు తల ఊపాడు. ఫోన్లు ఇక నేరుగా వేదికకే వెళ్ళే ఏర్పాటు చేస్తున్నామని, ఈ నెలాఖరు వరకు రావచ్చని చెప్పాడు. ఆమె లేచి, కుర్చీ తనే యథాస్థానంలో పెట్టి వచ్చింది.

బాబాయ్ వెనకాలే ఆమె గదికి వచ్చాడు. విషయం విని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నేను వెళ్ళి చెప్పేస్తానమ్మా, నా కోసం నువ్వు పోవడమేంటి" అన్నాడు. వద్దులెండి బాబాయ్, అంది. ఆయన రెండోసారి అనలేదు. రెండోసారి అంటాడని ఆమె ఎదురుచూడలేదంటే అది అబద్ధం. బల్ల మీద ఫోను మోగింది, ఎవరో ముసలాయన రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నాడు. ఆమె ఆయనతో మాట్లాడుతూ, పొడుగోడిని పంపిస్తూ, పొడుగోడి పేరుతో "నేను చూస్తాను" అని రాస్తూ ఉంటే బాబాయ్ అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆమె చెవి ఫోను తీశాక మెల్లగా అడిగాడు.

"వచ్చే నెల నుంచి మాకు ఎవరు కొడతారమ్మా?"

ఆమెకు కోపం రాలేదు. రావలసిన చోట కోపం రాకపోవడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటే. ఎవరో ఒకరు దొరుకుతారులెండి, అంది. తను కూర్చున్న కొమ్మని తనే నరుక్కుంది, అదీ రోజూ ఇంత చొప్పున, నీటుగా, ఎవరికీ చప్పుడు వినబడకుండా. నరికినందుకు గుండె బొమ్మలు ఆ కొమ్మ మీద కూర్చున్న మిగతావాళ్ళకి వచ్చాయి. వాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు కూర్చుంటారు? తను వెళ్ళిన వారంలోనే అంతా బయటపడుతుంది. ఆ ముసలాయన లాంటివాళ్ళు చీకట్లో నిలబడి నంబరు నొక్కుతూ ఉంటారు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె బల్ల తుడవడం మొదలుపెట్టేది.

ఇంట్లో చెప్పినప్పుడు ఆయన టీవీ గొంతు తగ్గించి విన్నాడు. అది ఆయన వరకు పెద్ద విషయమే. "పోనీలే, ఎన్నాళ్ళని పరిగెడతావు? హాయిగా ఇంట్లో ఉండు" అన్నాడు. ఆ మాటకి ఆమెకి కళ్ళు చెమ్మగిల్లాయి. తనకోసం అన్నాడనుకుంది. ఒక్క నిమిషం ఆగి ఆయన, "అమ్మ కూడా ఎప్పట్నుంచో ఇక్కడికి వస్తానంటోంది. మోకాలికి ఆపరేషన్ చేయించాలట. ఇప్పుడు నీకెలాగూ ఖాళీయే కదా" అన్నాడు. టీవీ మళ్ళీ గొంతు పెంచుకుంది.

నెలాఖరు వచ్చింది. ఆఖరి రోజు మధ్యాహ్నం మేనేజరు ఆమె గదికి స్వయంగా వచ్చాడు. మెట్ల కిందకి అతను రావడం అదే మొదటిసారి. లోపలికి వంగి వచ్చి, ఇంత చిన్న గదా అని ఆశ్చర్యపోయాడు. మీ గురించి వేదికలో నాలుగు మంచి మాటలు పెట్టాలి మేడమ్, అన్నాడు. కానీ తను వచ్చి ఏడాదే అయింది, మీ సర్వీసు గురించి తనకి పూర్తిగా తెలియదు, తప్పులు పోతే బాగుండదు. "మీరే రాసి పంపించెయ్యండి, నా పేరుతో వేసేస్తాను. మీరు బాగా రాస్తారని బాబాయ్ చెప్పాడు." ఆమె సరేనంది. అతను వెళ్ళగానే రాసింది. అతని ధోరణి కూడా ఆమెకు తెలుసు: మొదట కృతజ్ఞత, మధ్యలో ప్రయాణం అనే మాట, చివర శుభాకాంక్షలు. తన గురించి తను మరీ ఎక్కువ రాస్తే బాగుండదని ఒక వాక్యం తీసేసింది కూడా.

అది వేదికలో పడిందో లేదో, పొడుగోడు ఫోను చేశాడు. పైన మోటారు గదిలో ఉన్నానని, గాలి హోరులో అరుస్తూ, "అక్కా, సారు పెట్టారు కదా, మేం పెట్టకపోతే బాగోదు. మా అందరి తరఫునా నువ్వే రెండేసి ముక్కలు పెట్టెయ్" అన్నాడు. చివర, "నిజంగా చాలా బాధగా ఉందక్కా" అని కూడా అన్నాడు. ఆ ఒక్కటీ అతనే అన్నాడు. ఆమె ఒక్కో పేరులోకీ వెళ్ళింది. పొడుగోడి పేరుతో, అక్క లేకపోతే ఎవరి మీద జోకులేస్తాను అని రాసింది. నడుం నొప్పివాడి పేరుతో ఆరోగ్యం జాగ్రత్త అని రాసింది. బాబాయ్ దగ్గర ఆగింది. బాబాయ్ ఏమంటాడు? ఆయన నోట ఏ మాట వినాలని ఉంది తనకి? చాలాసేపు ఆలోచించి, "నువ్వు లేకపోతే మేం లేమమ్మా" అని రాసి, ఇది చదివితే మేనేజరుకి అనుమానం వస్తుందేమోనని భయపడి కొట్టేసి, "చల్లగా ఉండమ్మా" అని పెట్టింది.

అన్నీ అయ్యాక, జవాబుగా తన పేరుతో ఒక మాట పెట్టాలి కదా అని తన పేరు తెరిచింది. అన్నాళ్ళలో తన కిటికీ తను తెరవడం అదే మొదలు. తెల్లటి తెర, మధ్యలో వేదిక తనంతట తాను రాసిన లేతరంగు వాక్యం: మీరు ఇంకా ఏమీ రాయలేదు. ఆమె దాన్ని చదివి మళ్ళీ చదివింది. పక్కనే ఏడాది పొడుగునా తను రాసిన మాటలు పాకిపోతున్నాయి, సర్దుబాట్లు, జోకులు, జాగ్రత్తలు, చివరికి తన వీడ్కోలు కూడా. "ఇవన్నీ నేనే రాశాను" అని కొట్టింది. చూపుడువేలు పంపే గుర్తు మీద ఆగింది. బాబాయ్ కూతురికి ఇది తొమ్మిదో నెల. ఆమె ఆ వాక్యాన్ని చివరి నుంచి ఒక్కో అక్షరమే చెరిపేసింది. దాని చోట "ధన్యవాదాలు" అని పెట్టింది. దానికి మేనేజరు గుండె బొమ్మ పెట్టాడు. ఆమెకి వచ్చిన మొదటి గుండె అదే.

చెవి ఫోను వైరు చుట్టి సొరుగులో పెట్టి, నీళ్ళ సీసా సంచిలో వేసుకుని బయటికి వచ్చింది. బస్సు కిటికీలోంచి దారంతా ఎత్తైన భవనాలే కనిపించాయి. ఏ భవనంలో ఏ లిఫ్టు ఎన్నో అంతస్తులో మొరాయిస్తుందో ఆమెకు తెలుసు. ఇక ఆ తెలివితో ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఇంటికి వచ్చి పొయ్యి మీద టీ పెట్టింది. ఆయన అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఫోను ఆమె వైపు చాపాడు. ఇంటి గ్రూపులో ఆడపడుచు రాసింది: "అన్నయ్యా, అమ్మని వచ్చే వారం నీ దగ్గర దింపుతాం. ఆపరేషనూ, తరవాత ఓ ఆరునెలలూ అక్కడే. వదినకి ఎలాగూ పనేం లేదుగా ఇప్పుడు." దాని కింద అత్తగారు: "నా కొడుకు దగ్గరికి నేను వెళ్ళడానికి ఎవర్ని అడగాలి. వాడు రోజూ రమ్మంటూనే ఉంటాడు." రోజూ రమ్మన్నది ఎవరో గుర్తుచేసుకోవడానికి ఆమెకి ఒక క్షణం పట్టింది. నిజమే, రాసింది. ఆదివారాలు, కూర మాడిపోతుండగా, "ఎప్పుడొస్తావమ్మా" అని రాసింది. ఆరునెలల చాకిరీని తన చేత్తో తనే పిలుచుకుంది.

"రమ్మని పెట్టెయ్" అన్నాడాయన. "కాస్త ప్రేమగా రాయి. నా తరఫున రాయడం నీకైతే బాగా వచ్చు."

ఆమె ఆయన ఫోను అందుకోలేదు. తన సంచిలోంచి తన ఫోను తీసింది. నిలబడే రాసింది. ఇక్కడ ఎవరి ఉద్యోగమూ పోదు, ఎవరి కూతురి కార్డూ రద్దు కాదు. చెరపలేదు.

"అత్తయ్యా, ఈ గ్రూపులో ఇన్నేళ్ళుగా మీ అబ్బాయి పేరుతో వచ్చినవన్నీ నేను రాసినవే. రోజూ మీ మోకాలు ఎలా ఉందని అడిగింది నేనే."

పంపి, పొయ్యి దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆకాశం ఏమీ విరుచుకుపడలేదు. ఆడపడుచు వెంటనే నవ్వే బొమ్మలు వరసగా పెట్టి, "వదినా, నీకు ఖాళీ ఎక్కువై జోకులు మొదలుపెట్టావ్" అని రాసింది. ఎవరో బంధువు ఆ మాటకి బొటనవేలు పెట్టాడు. ఆమె టీ వడగట్టింది. ఇంతేనా అనుకుంది. ఇన్నాళ్ళకి తన పేరుతో నోరు తెరిస్తే అది కూడా నవ్వులాటే అయింది. గట్టిగా ఏడవాలనిపించింది గానీ రెండు చేతుల్లోనూ కప్పులున్నాయి.

తరవాత ఆయన ఫోనులో మెసేజి మోగింది. అత్తగారు నవ్వలేదు. కొడుకుని పేరు పెట్టి అడిగింది, నిజమేనా అని. ఒక్క మాటే రాసింది, వెనక పువ్వు కూడా లేదు.

ఆయన కుర్చీలోంచి లేచి వంటగది గుమ్మంలోకి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. కోపం తెచ్చుకుందామని చూస్తున్నాడు గానీ, అంతకంటే ముందు కంగారు వచ్చేసింది. "ఏంటిది, ఎందుకు పెట్టావ్? అమ్మ నిజమేనా అని అడుగుతోంది" అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా అన్నాడు. ఆమె కప్పులు రెండూ గట్టు మీద పెట్టేసరికి అలవాటైన చోటికి ఆయన చెయ్యి దానంతటదే వచ్చింది, ఫోను ఆమె ముందుకు చాపాడు.

"ఏం చెప్పాలో నువ్వే రాసెయ్."

ఆమె చెయ్యి కూడా అలవాటుగానే ముందుకు వెళ్ళి ఫోను అందుకుంది. బొటనవేలు అక్షరాల మీదకి పోయింది. మాటలు సిద్ధంగానే ఉన్నాయి: అమ్మా, అది ఉత్త తమాషాకి అంది, నువ్వు మనసులో పెట్టుకోకు. చివర ఒక పువ్వు. అత్తగారు నమ్మేస్తుంది. మోకాలు వస్తుంది, ఆరునెలలు వస్తాయి, మళ్ళీ పొద్దున్నే పాలు, కూర, మధ్యలో ఆయన ఫోను. అవి ఎలాగూ వస్తాయి. వాటిని ఆపే శక్తి ఆమెకి లేదు, ఆ సంగతి ఆమెకి తెలుసు.

ఆమె ఫోనుని ఆయన చేతిలో తిరిగి పెట్టింది.

"అడిగింది మిమ్మల్ని" అంది.

ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. కాసేపటికి కళ్ళజోడు ముక్కు మీదకి లాక్కుని, 'అమ్మా' అని రాయడానికి మొదటి అక్షరం ఎక్కడుందో ఒక వేలితో వెతకడం మొదలుపెట్టాడు. పై వరసలో చూశాడు, కింది వరసలో చూశాడు. అది ఎక్కడుందో ఆమెకి తెలుసు. టీ కప్పు తీసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది, చూపించలేదు.